యుద్ధం తెచ్చిన ధర ఎంతకాలం? పానగల్ నుంచి నల్లసముద్రం దాకా పొత్తులు, ధారణలు

విదేశాలలో యుద్ధం మొదలయిందన్న వార్త రాగానే వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నల్లగొండ మార్కెట్లలో సరుకు చేతిలో ఉన్నవారు పిడికిలి బిగించడం, కొనేవారు తొందరపడడం పరిపాటి. గంజ్‌లో మధ్యాహ్నానికే పాట పెరుగుతుంది. అయితే గడచిన ఐదారేళ్ళ ధరవరలను వరుసపెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతున్నది. యుద్ధవార్తతో లేచిన ధర చాలా సరుకులలో ఒక పంటకాలం కూడా నిలవలేదు. నిలిచినది వేరే ఉన్నది: ఏ దేశం ఏ దేశం దగ్గర కొంటున్నది, ఏ నాణెంలో చెల్లిస్తున్నది, ఏ రేవు మీదుగా తెచ్చుకుంటున్నది అన్నది. ధర దిగిపోయిన తర్వాత కూడా ఈ మార్పులు మిగిలిపోయి, మరుసటి ఏడాది ధారణలను నడిపిస్తున్నాయి. వార్తను చూసి నిలవ పెట్టిన వర్తకునికి, పొత్తుల మార్పును చూసి నిలవ పెట్టిన వర్తకునికి లాభనష్టాలలో వచ్చిన తేడా ఇక్కడే ఉన్నది.

రెండు పానగల్‌లు

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతంలో పానగల్ పేరు గల ఊళ్ళు రెండు ఉన్నాయి. ఒకటి నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని, ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలతో ఉన్నది. రెండవది వనపర్తి జిల్లాలో కొండకోట కింద ఉన్నది. మొదటి పానగల్ చుట్టుపక్కల పత్తి, వరి ముఖ్యమైన సరుకులు. రెండవ పానగల్ వైపు యాసంగి వేరుశనగ ప్రధానం.

15వ శతాబ్దం రెండవ దశకంలో ఫిరోజ్ షా బహమనీ పానగల్ కోటను సుమారు రెండేళ్ళు ముట్టడించాడు. అది ఏ పానగల్ అన్న విషయమై చరిత్రకారులలో భేదాభిప్రాయాలున్నాయి. దండులో రోగాలు ప్రబలాయి. అంతవరకు బహమనీల పక్షాన ఉండిన రేచర్ల వెలమ నాయకులు విజయనగర ప్రభువు మొదటి దేవరాయల వైపు మొగ్గారు. ఫిరోజ్ షా ఓడిపోయాడు. 1422లో గద్దె తమ్ముడు అహ్మద్ షాకు దక్కింది. కోటగోడల బలంతో పాటు, పక్షం మార్చినవారి బలం కూడా ఫలితాన్ని తేల్చింది.

ఇప్పుడు పక్షం మారడానికి దండు కదలనక్కరలేదు. ఒక సుంకం నోటిఫికేషన్, ఒక బ్యాంకుపై ఆంక్ష, ఓడ బీమా కిరాయిలో ఒక పెంపు చాలు. ఆ కాగితం ఢిల్లీలోనో, జకార్తాలోనో, వాషింగ్టన్‌లోనో వెలువడుతుంది. దాని ఫలితం రెండు పానగల్‌ల బండ్ల మీదికీ వస్తుంది.

2022: నూనెలు నేర్పిన పాఠం

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. పాలమూరు యాసంగి పల్లికాయ మార్కెట్లకు ముమ్మరంగా వచ్చే రోజులవి. అప్పటికి మన దేశానికి వచ్చే సన్‌ఫ్లవర్ నూనెలో పది పాళ్ళకు సుమారు ఏడు పాళ్ళు ఉక్రెయిన్ నుంచే వచ్చేది. రెండు పాళ్ళు రష్యాది. మిగిలినది ముఖ్యంగా అర్జెంటీనాది. నల్లసముద్రపు రేవులు మూతపడడంతో ముడి సన్‌ఫ్లవర్ నూనె ధర టన్నుకు 2,000 డాలర్లు దాటింది. మలేషియా వాయిదా మార్కెట్‌లో పామాయిల్ మార్చిలో 7,000 రింగిట్లకు పైన పలికింది. తన ప్రజలకు నూనె కరవు కాకూడదని ఇండోనేషియా ఏప్రిల్ 28 నుంచి పామాయిల్ ఎగుమతులను నిషేధించింది.

తెలంగాణలో సన్‌ఫ్లవర్ వాడకం హెచ్చు. సన్‌ఫ్లవర్‌కూ వేరుశనగ నూనెకూ మధ్య మామూలుగా ఉండే తేడా కుదించుకుపోవడంతో వాడకందార్లు పల్లినూనె వైపు, తవుడు నూనె వైపు తిరిగారు. మిల్లర్ల కొనుగోళ్ళు పుంజుకున్నాయి. ధర ఇంకా పెరుగుతుందన్న అంచనా బలపడింది.

ఆ అంచనాను మూడు సంగతులు దెబ్బతీశాయి. మొదటిది, ఇండోనేషియా నిషేధం నెల కూడా నిలవలేదు. ట్యాంకులు నిండిపోయి, రైతుల గెలలు కొనేవారు లేక ఆ దేశం మే 23న నిషేధం ఎత్తివేసింది. నిలిచిపోయిన సరుకంతా ఒక్కసారి బయటికి వచ్చింది. రెండవది, మన ప్రభుత్వం మే 24న ఏడాదికి 20 లక్షల టన్నుల ముడి సోయా నూనెను, 20 లక్షల టన్నుల ముడి సన్‌ఫ్లవర్ నూనెను రెండేళ్ళ పాటు సుంకం లేకుండా తెచ్చుకోవడానికి వీలు కల్పించింది. మూడవది, జులై 22న టర్కీ, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంలో నల్లసముద్రపు ధాన్యం ఒప్పందం కుదిరింది. పామాయిల్ అదే జులైలో 4,000 రింగిట్లకు దిగువకు జారింది. 2023 మధ్యకాలానికి సన్‌ఫ్లవర్ టన్ను 1,000 డాలర్ల లోపునకు వచ్చింది.

దిగుమతి నూనెలు దిగినపుడు మిల్లరు గింజకు ఇవ్వగలిగే ధరకు కూడా పైకప్పు పడుతుంది. దీనికి తోడు అప్పట్లో నిలవలపై ఆంక్షలు ఉండేవి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం టోకు వర్తకులకు నూనెలు 500 క్వింటాళ్ళు, నూనెగింజలు 2,000 క్వింటాళ్ళు, చిల్లర వర్తకులకు 30, 100 క్వింటాళ్ళు అని పరిమితి పెట్టి, తర్వాత దానిని ఆ ఏడాది డిసెంబరు వరకు పొడిగించింది. 2021 డిసెంబరు 20 నుంచే ముడి పామాయిల్, సోయా సహా ఏడు సరుకులలో వాయిదా వ్యాపారాన్ని సెబీ నిలిపివేసింది. అంటే ధర పెరుగుతున్న వేళ నిలవ పెట్టడానికి చట్టం అడ్డు. ధర తగ్గుతుందన్న భయానికి వాయిదాలో అమ్ముకొని కాపాడుకొనే దారీ అప్పుడు మూసి ఉండింది. యుద్ధకాలంలో ప్రభుత్వాలన్నీ వాడకందారు పక్షమే వహిస్తాయి. వర్తకుడు తన లెక్కలో మొదట వేసుకోవలసిన అంకె ఇది.

ఇక మిగిలిపోయిన మార్పు చూడవలసి ఉన్నది. 2023 జులై 17న రష్యా నల్లసముద్రపు ఒప్పందం నుంచి తప్పుకున్నది. ఉక్రెయిన్ సరుకు రోడ్డు, రైలు, డాన్యూబ్ నది మార్గాలలో ఎక్కువగా యూరప్‌కు మళ్ళింది. మన దేశానికి సన్‌ఫ్లవర్ నూనె పంపే దేశాలలో రష్యా మొదటి స్థానానికి వచ్చింది. ధర యుద్ధానికి ముందటి స్థాయికి చేరినా, అమ్మకందారు మాత్రం పాతవాడు కాలేదు.

మాటతో తెగి, నెలల్లో అతికిన బేరం

పొత్తు తెగిన ప్రతిసారీ మార్పు శాశ్వతం కాదు. 2019 సెప్టెంబరులో మలేషియా ప్రధాని మహతీర్ మహమ్మద్ ఐక్యరాజ్యసమితిలో కశ్మీర్ గురించి చేసిన వ్యాఖ్యల మీద మన దేశంలో నిరసన వచ్చింది. అక్టోబరులో నూనె వర్తకుల సంఘం మలేషియా పామాయిల్ కొనవద్దని సభ్యులకు సలహా ఇచ్చింది. 2020 జనవరి 8న కేంద్రం శుద్ధి చేసిన పామాయిల్‌ను స్వేచ్ఛా జాబితా నుంచి ఆంక్షల జాబితాకు మార్చింది. బేరాలు ఇండోనేషియాకు మళ్ళాయి.

ఫిబ్రవరిలో మహతీర్ పదవి వదిలారు. మే నెలకు మలేషియా మన బియ్యం లక్ష టన్నులు కొనడానికి ఒప్పందం చేసుకున్నది. మన వర్తకులు మళ్ళీ మలేషియా నూనె కొన్నారు. మలేషియా, ఇండోనేషియా సరుకు ఒకటే రకం. ఓడ కిరాయి దగ్గర దగ్గర. రేవులు, చెల్లింపు పద్ధతులు చెక్కుచెదరలేదు. తిరిగి వెళ్ళే దారి తెరిచే ఉన్నందువల్ల కొనుగోలుదారు తిరిగి వెళ్ళాడు. నల్లసముద్రంలో ఆ దారి మీదే మందుపాతరలు పడ్డాయి.

సరిహద్దులో కొట్లాట, గంజ్‌లో కొనుగోలు

2020 జూన్ 15న గల్వాన్ లోయలో భారత, చైనా సైనికులు ఘర్షణ పడ్డారు. చైనా యాప్‌లు, పెట్టుబడుల మీద మన ప్రభుత్వం ఆంక్షలు విధించింది. అయినా ఆ సీజనులోనే చైనా మన వేరుశనగ నూనెను పెద్ద ఎత్తున కొన్నది. రాజకీయంగా మాటలు లేకపోయినా సరుకు కదిలింది. కారణం, చైనాలో వేరుశనగ నూనె వాడకం అధికం. తక్షణం దొరికే సరుకు మన దగ్గర ఉన్నది.

అయితే వేరుశనగలో కొనుగోలుదారుకు ఇతర అంగళ్ళున్నాయి. సూడాన్, సెనెగల్, అర్జెంటీనా కూడా అమ్మేవే. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో సైన్యానికి, అర్ధసైనిక దళానికి మధ్య యుద్ధం మొదలయింది. ఎర్రసముద్రం మీది పోర్ట్ సూడాన్ నుంచి పల్లి ఎంత కదులుతున్నదో గమనించని ఎగుమతి వర్తకుడు సగం లెక్కతోనే బేరం ఆడుతున్నట్టు.

ఆముదాల సంగతి దీనికి భిన్నం. ఒకప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆముదపు సాగులో దేశంలో పేరెన్నికగన్నవి. పాలెం పరిశోధన కేంద్రం ఈ పంట మీదనే ఏళ్ళ తరబడి పనిచేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన. ఇప్పుడు సాగు చాలావరకు గుజరాత్‌కు వెళ్ళిపోయింది. కాని ప్రపంచ ఎగుమతులలో నూటికి 80 పాళ్ళకు పైగా ఇప్పటికీ భారతదేశానిదే. చైనా, అమెరికా, యూరప్ తమలో తాము ఏ తగవులు పడినా ముగ్గురూ ఇక్కడికే రావలసి ఉన్నది. ఇటువంటి సరుకులో యుద్ధవార్త కన్నా గుజరాత్ వర్షాల వార్తకే ధర ఎక్కువ కదులుతుంది.

పత్తి: పాత యుద్ధం, కొత్త సుంకం

తిరిగి వెళ్ళే దారి గురించి మరచిపోయినవారు ఎట్లా దెబ్బతింటారో 1860లలోనే పత్తి చూపింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు దిగ్బంధమయ్యేసరికి, తన పత్తిలో సుమారు ఐదింట నాలుగు వంతులు అక్కడి నుంచే తెచ్చుకొనే బ్రిటన్ మన దేశపు పత్తి మీద పడింది. దక్కను నల్లరేగడి పత్తికి కనీవినీ ఎరుగని ధర వచ్చింది. బొంబాయిలో బ్యాంకులు, షేర్లు ఉబ్బిపోయాయి. 1865లో యుద్ధం ముగియగానే లాంకషైర్ మిల్లులు పొడుగు పింజ అమెరికా పత్తికి తిరిగి మళ్ళసాగాయి. పొట్టి పింజ భారతీయ పత్తి ధర కూలింది. బొంబాయిలో పెద్ద పెద్ద కోఠీలు దివాళా తీశాయి. అవసరం కొద్దీ కొన్నవాడు అవసరం తీరగానే వెళ్ళిపోయాడు.

2025లో పత్తికి మరో తీరు దెబ్బ తగిలింది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా ముడిచమురును తగ్గింపు ధరకు మన దేశం విరివిగా కొన్నది. 2022కు ముందు మన చమురు దిగుమతులలో నూటికి రెండు పాళ్ళు కూడా లేని రష్యా వాటా 2024-25లో మూడవ వంతు దాటింది. దానిని కారణంగా చూపి అమెరికా, 2025 ఆగస్టు 7 నుంచి ఉన్న 25 శాతం సుంకానికి తోడు, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వేసింది. మన దుస్తులకు, బట్టలకు అమెరికా అతిపెద్ద కొనుగోలుదారు. మిల్లులకు ఊరటగా కేంద్రం పత్తి దిగుమతి మీది 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించింది.

గొలుసు ఇట్లా ఉన్నది: నల్లసముద్రంలో యుద్ధం, రష్యా చమురు, అమెరికా సుంకం, తిరుప్పూరులో ఆర్డర్ల తగ్గుదల, విదేశీ పత్తికి తెరిచిన తలుపు. ఈ అయిదు మెట్లూ దిగి నల్లగొండ రైతు బండి దగ్గరికి వచ్చేసరికి కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చే వేళయింది. పొడుగు పింజకు 2025-26 మద్దతు ధర 8,110 రూపాయలు. ప్రైవేటు కొనుగోలు మందగించిన చోట కాటన్ కార్పొరేషన్ కేంద్రమే దిక్కవుతుంది. అక్కడ తేమ నూటికి 12 మించితే సరుకు తీసుకోరు. తేమ ఆరబెట్టే ఓపిక లేని రైతు తక్కువకు తెగనమ్ముకుంటాడు. అంతర్జాతీయ పొత్తుల మార్పుకు కడపట ఖర్చు కట్టేది అతడే. ఇక్కడ వర్తకులు గుర్తుంచుకోవలసినది, సంతకంతో వచ్చిన సుంకం సంతకంతోనే పోగలదు. దాని మీద ఏడాది పొడవునా పందెం కాయడం తగదు.

బియ్యం: మనమే తలుపు మూసినపుడు

యుద్ధం, ఎల్‌నినో భయం కలిసి 2022 మే 13న గోధుమ ఎగుమతి మీద, సెప్టెంబరులో నూకల మీద, 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం మీద కేంద్రం నిషేధాలు విధించేట్టు చేశాయి. ఉప్పుడు బియ్యంపై 2023 ఆగస్టులో 20 శాతం సుంకం పడింది. మిర్యాలగూడ మిల్లర్లకు ఇది నేరుగా తగిలిన దెబ్బ. ఆ ఆగస్టులో థాయిలాండ్, వియత్నాం బియ్యం టన్ను 600 డాలర్లు దాటి పదిహేనేళ్ళ గరిష్ఠానికి చేరింది. 2024 సెప్టెంబరు చివరన తెల్లబియ్యానికి తలుపు తిరిగి తెరిచారు; అక్టోబరులో ఉప్పుడు బియ్యం సుంకం పూర్తిగా పోయింది; 2025 మార్చిలో నూకలకూ అనుమతి వచ్చింది.

తలుపు మూసి ఉన్న కాలంలో కొనుగోలుదార్లు ఊరకే కూర్చోలేదు. 2024 జనవరిలో ఫిలిప్పీన్స్, వియత్నాంతో ఏడాదికి 15 నుంచి 20 లక్షల టన్నుల చొప్పున ఐదేళ్ళ అవగాహన కుదుర్చుకున్నది. 2025 మార్చి నెలాఖరున తెలంగాణ పౌరసరఫరాల సంస్థ కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల బియ్యాన్ని అదే ఫిలిప్పీన్స్‌కు తొలి విడతగా పంపింది. కాని తమ రైతుల ధాన్యం ధర పడిపోయిందని ఆ దేశం 2025 సెప్టెంబరు 1 నుంచి బియ్యం దిగుమతులనే నిలిపివేసింది. నిషేధం ఎత్తేసినంత మాత్రాన పాత ఖాతాదారు తిరిగి దొరకడని బియ్యం వర్తకులు ఈ రెండు మూడేళ్ళలో చూశారు.

ఎరువులు: నెమ్మదిగా, గట్టిగా

ధరల పట్టికలో కనిపించకుండా సాగు ఖర్చును మార్చేది ఎరువు. 2021 అక్టోబరు నుంచి చైనా ఎరువుల ఎగుమతులపై తనిఖీలు, పరిమితులు బిగించింది. మన డీఏపీ కొనుగోళ్ళు సౌదీ అరేబియా, మొరాకో, రష్యాల వైపు జరిగాయి. 2025 జులైలో సౌదీకి చెందిన మాదెన్ సంస్థతో మన కంపెనీలు ఏడాదికి 31 లక్షల టన్నుల డీఏపీకి ఐదేళ్ళ ఒప్పందాలు చేసుకున్నాయి. ఇది వార్తాపత్రిక మొదటి పేజీకి ఎక్కదు. అయినా యుద్ధవార్త కన్నా దీని ప్రభావం ఎక్కువ ఏళ్ళు ఉంటుంది. కొనుగోలుదారు చేసుకున్న దీర్ఘకాల ఒప్పందం పొత్తు నిజంగా మారిందనడానికి గట్టి గుర్తు.

నిలవ ఖర్చు లెక్క

ఉదాహరణకు ఒక స్టాకిస్టు క్వింటాలు పల్లికాయ 7,000 రూపాయలకు కొని నాలుగు నెలలు ఉంచాడనుకుందాం. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున నాలుగు నెలలకు 420 రూపాయలు. తరుగు నూటికి రెండు అనుకుంటే 140 రూపాయలు. గోదాము కిరాయి, హమాలీ, సంచి విడిచిపెట్టినా 560 రూపాయలు, అంటే నూటికి ఎనిమిది పెరిగితేనే అసలు దక్కుతుంది. 2022లో పామాయిల్ గరిష్ఠం నుంచి సగం దాకా దిగడానికి పట్టినది కూడా ఇంచుమించు నాలుగు నెలలే. యుద్ధవార్త వచ్చిన వారంలో అప్పు తెచ్చి కొన్న సరుకుకు వడ్డీ పెరుగుతున్న కొద్దీ ధర దిగుతుంటుంది.

గమనించవలసినవి

యుద్ధమో, ఆంక్షో వచ్చినపుడు అనుభవజ్ఞులైన వర్తకులు వేసుకొనే ప్రశ్నలు నాలుగు. కొనుగోలుదారుకు ఆ సరుకు మరో చోట దొరుకుతుందా? పాత అమ్మకందారు దగ్గరికి తిరిగి వెళ్ళడానికి రేవు, ఓడ, బ్యాంకు తెరిచి ఉన్నాయా? కొత్త అమ్మకందారుతో ఏళ్ళ తరబడి ఒప్పందం కుదిరిందా, లేక నెలవారీ బేరమేనా? మన ప్రభుత్వం వాడకందారు కోసం సుంకం తగ్గించి, నిలవలకు పరిమితి పెట్టే అవకాశం ఎంత?

దారి తెరిచే ఉండి, ఒప్పందం లేకపోతే పెరిగిన ధర అతిథి వంటిది. వచ్చిన రోజే అమ్ముకోవడం మేలు. దారి మూసుకుపోయి, కొత్త ఒప్పందం కుదిరితే అది నిలిచే మార్పు. ధర ఇవాళ దిగినా గిరాకీ ఏ దిక్కున ఉండబోతున్నదో అది చెబుతుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచిన కేంద్రమే 2025 మే నెలాఖరున దానిని 16.5 శాతానికి దించింది. తొమ్మిది నెలలలో రెండు వైపులా ఇంత కదిలిన అంకె ముందు ఎంతటి యుద్ధవార్త అయినా చిన్నదే. గంజ్‌లో పాట మొదలయ్యే ముందు యుద్ధభూమి పటంతో పాటు సుంకాల పట్టికను కూడా చూసుకున్నవారికి, సరుకును ఎప్పుడు వదులుకోవాలో తెలుస్తుంది.